బర్రెలు చావని వానాకాలం

పశువుల డాక్టర్‌గా ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగేళ్లూ నేను రోజూ ఒళ్లు హూనమై ఇంటికి వచ్చేదాన్ని. చీర అంచుకు పెండ, చేతులకు మందుల వాసన, మోపెడ్ మీద తిరిగి తిరిగి నడుం నొప్పి. ఆ అలసటను చూసుకుని లోపల్లోపల గర్వపడేదాన్ని కూడా. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, "ఊపిరాడటం లేదు మేడం, ఒక్క నిమిషం తీరిక లేదు" అంటుంటారు. వాళ్ల గొంతులో కూడా ఆ గర్వమే వినిపిస్తుంది. వాళ్లను తప్పు పట్టను. వాళ్లకోసం ఒక మనిషి గురించి రాయాలనిపించింది.

ఆయన పేరు డాక్టర్ రాజేశం. కోరుట్ల మనిషి. వాళ్ల ఇంట్లో తరతరాలుగా తాటిచెట్లెక్కి కల్లు గీసేవారు. ఆయన మా డివిజన్‌కు అధికారిగా వచ్చారు. నా ఉద్యోగ జీవితంలో అంత తీరికగా కనిపించిన మనిషిని నేను చూడలేదు. ఆయనంత పని చేసినవాళ్లనూ చూడలేదు.

నా బదిలీల గురించి, ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయడం లేదు. అవి అందరికీ ఒక్కతీరుగానే ఉంటాయి.

సాంచల చప్పుడు

మాది సిరిసిల్ల. మా నాయిన సాంచల మీద పని చేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. పొద్దున్నే గల్లీలో సాంచలు మొదలైతే ఆ రోజుకు మా ఇంట్లో పొయ్యి వెలుగుతుందని అర్థం. ఉన్నట్టుండి చప్పుడు ఆగితే అమ్మ ముఖం మారిపోయేది. కరెంటు పోయిందా, నూలు రాలేదా, సేటు ఆపేశాడా అని గల్లీ అంతా బయటికి వచ్చి నిలబడేది. అట్లా పెరిగిన నాకు ఖాళీగా కూర్చోవడమంటే భయం. కాలేజీ సెలవుల్లో ఇంటికి వచ్చినా చేటలో బియ్యమో, కుట్టాల్సిన బట్టో చేతిలో ఉండాల్సిందే.

నేను చదువుకుంటున్నప్పుడే సాంచలు నెలల తరబడి ఆగిపోయే కాలం వచ్చింది. మా గల్లీలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. నాయిన భివండి వెళ్లిపోయాడు. అక్కడి మరమగ్గాల మీద పని చేస్తూ నా చదువు పూర్తి చేయించాడు.

రుద్రంగికి, కోనరావుపేటకు నడుమ ఉన్న ఒక ఊళ్లోని పశువుల దవాఖాన నా మొదటి పోస్టింగు. వరుసగా వానల్లేక బావులు ఎండిపోయిన రోజులవి. చుట్టుపక్కల ఊళ్లలో ఏ వాడకు పోయినా మగవాళ్లు తక్కువ. దుబాయ్‌కో మస్కట్‌కో పోయినవాళ్లే అందరూ. ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు, ఇంటికో బర్రెను సాకేవారు. పెనిమిటి పంపే పైసలు వచ్చినా రాకపోయినా పిల్లల కడుపు నిండేది ఆ బర్రె పాల మీదనే. అందుకే బర్రె మేత ముట్టకపోతే వాళ్లు నన్ను పిలిచే పిలుపులో ఒక వణుకు ఉండేది. ఆ వణుకు నాకు సిరిసిల్లలోనే పరిచయం.

పిలిచిన ప్రతిచోటికీ పోయేదాన్ని. ఒక ఊళ్లో ఈనలేక తిప్పలు పడుతున్న బర్రె, ఇంకో ఊళ్లో కాలు విరిగిన మేక, మళ్లీ మొదటి ఊరి నుంచే ఇంకో పిలుపు. తినడానికి ఒక వేళంటూ లేదు. "డాక్టరమ్మ కాలు ఒక్కతాన నిలువది" అని ఊళ్లలో చెప్పుకునేవారు. అప్పటి మా అధికారి మీటింగులో నన్ను నిలబెట్టి, "గీ అమ్మాయిని సూసి నేర్సుకోండ్రి" అన్నారు. ఆ మాట చాలా రోజులు నెమరేసుకున్నాను.

పంచ కింద బల్ల

రాజేశం సార్ మొదటిసారి మా దవాఖానకు వచ్చింది ఎండాకాలంలో. జీపు ఉన్నా బస్సులో వచ్చారు. చేతిలో ఒక గుడ్డ సంచి. రిజిస్టర్లేవీ అడగలేదు. రేకుల పంచ కింద ఉన్న బల్ల మీద కూర్చుని, మేకలు పట్టుకొచ్చిన ఆడవాళ్లతో ముచ్చట పెట్టారు. మీ ఆయన ఫోన్ చేసిండా, పాలు ఎన్నిగంటలకు పిండుతవ్, బీడీలకు తునికాకు కోసం ఎప్పుడు పోతవ్, బర్రెలను ఎవలు మేపుతరు అని. ఆయన టీ తాగడం, నవ్వడం, నేను లోపల చెమటలు కక్కుతూ మేకలకు మందు పోయడం, పూటంతా ఇదే. ఈయన ఇక మమ్మల్ని ముంచుతాడని అనుకున్నాను.

మేకలవాళ్లు వెళ్లిపోయాక నన్ను పిలిచారు.

"బిడ్డా, గీ వానాకాలం గొంతువాపు ముందుగాల ఏ ఊర్ల వస్తది?"

గొంతువాపు మా దిక్కు బర్రెలను పొట్టన పెట్టుకునే రోగం. తొలకరి వానలకు వస్తుంది. పొద్దున మేత మేసిన బర్రె మరునాటికి ఉండదు.

"ముందుగాల నాకెట్ల తెలుస్తది సార్?" అన్నాను, కొంచెం కోపంగానే.

"నాలుగేండ్ల సంది నీ బండి గీ ఊర్లల్లనే తిరుగుతుంది గదా. పోయినేడు ఏడ మొదలైంది? అంతకు ముందటేడు?"

ఆలోచించాల్సి వచ్చింది. రెండేళ్లూ వాగు పక్కన ఉన్న ఊళ్లోనే మొదలైంది. రెండుసార్లూ అక్కడ బురదలో నిలబడి సూదులు వేసింది నేనే. కానీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే తీరిక ఏనాడూ దొరకలేదు.

"టీకాలు ఏస్తున్నరా ఆ ఊర్ల?"

"ప్రతి ఏడు ఏస్తున్నం సార్. పంచాయతీ ఆఫీసు ముంగట క్యాంపు పెడుతున్నం."

"ఎన్నిగంటలకు?"

"పదకొండింటికి."

"రేపు అదే వేళకు పోదాం పా" అన్నారు.

మరునాడు పదకొండింటికి వాగు పక్క ఊళ్లో దిగాం. పంచాయతీ ఆఫీసు ముందు రెండు ముసలి ఎడ్లు తప్ప ఏమీ లేవు. సార్ నన్ను వాడల్లో నడిపించారు. ఏ కొట్టం చూసినా ఖాళీయే. గుంజకు తాడు ఉంది, బర్రె లేదు. పశువులన్నీ ఎప్పుడో మేతకు వెళ్లిపోయాయి. అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. చెయ్యి ఆగితే ఆ రోజు లెక్క తప్పుతుంది కాబట్టి తల కూడా ఎత్తడం లేదు.

ఒక అరుగు దగ్గర సార్ ఆగారు. అక్కడ కూర్చున్న ఆమె పేరు రాజవ్వ. ముప్పై అయిదేళ్లుంటాయి. మాట కరుకు, పని చురుకు. భర్త దుబాయ్‌లో కూలి. ఆమె బర్రెకు నేను చాలాసార్లు మందు ఇచ్చాను.

"చెల్లే, పొద్దుగాల పాలు పిండే యాల్లకు అస్తే బర్రెకు సూది ఏపిస్తవా?" అన్నారు సార్.

"ఏపియ్య సారూ."

"ఎందుకు?"

"సూది ఏస్తే పాలు తగ్గుతయి. డాక్టరమ్మను అడుగుతె తగ్గయి అంటది. నాకైతే తగ్గినయి."

మా శాఖలో అందరం అట్లాగే చెప్పేవాళ్లం. తగ్గుతాయని చెబితే ఎవరూ వేయించుకోరని మా భయం. సార్ మాత్రం అరుగు అంచున కూర్చున్నారు.

"నువ్వు అన్నది నిజమే. రెండు మూడు దినాలు తగ్గుతయి. మళ్ల అస్తయి. గొంతువాపు అస్తే మాత్రం బర్రెనే పోతది. గందుకే అడుగుతున్న."

రాజవ్వ చుట్టడం ఆపి ఆయన వంక చూసింది. "గీ మాట గిప్పటిదాంక ఎవ్వలు చెప్పలే" అంది. "సూస్త తీ. గిప్పుడైతే నాకు పాలు కావాలె. చిన్నోని బడి ఫీజు కట్టేది ఉన్నది" అంది.

ఆ వారం నుంచే తెల్లారకముందు ఆ ఊళ్లో అడుగుపెట్టడం మొదలుపెట్టాం. పాలు పిండుతున్న చోటికే పోయి, పాలు తగ్గుతాయని ముందే చెప్పి టీకా వేశాం. కొందరు ఒప్పుకున్నారు. చాలామంది రాజవ్వలాగే చూద్దామన్నారు. ఊరు సగం కూడా కాకముందే ఆ ఏడు వానలు తొందరపడ్డాయి.

రాజవ్వ బర్రె

రెండో వానకే కబురు వచ్చింది. వాగు పక్క ఊళ్లో రెండు బర్రెలు పడ్డాయని. నేను, మా కాంపౌండర్ కొమురయ్య పోయేసరికి ఒకటి చనిపోయింది. మధ్యాహ్నానికి ఇంకో మూడు ఇళ్లలో మొదలైంది. గొంతు కింద వాపు, నోట్లోంచి చొంగ, శ్వాస తీస్తుంటే రంపం కోసినట్టు గరగరమనే చప్పుడు. వానలో కొట్టం నుంచి కొట్టానికి పరుగెత్తుతూ సూదులు వేస్తున్నాను. నాలుగేళ్లుగా నేను చేస్తున్న పని అదే, కాస్త ఎక్కువ వేగంగా.

రాజవ్వ కొట్టంలోకి పోయేసరికి బర్రె పడుకుని ఉంది. రాజవ్వ దాని మెడ తన తొడ మీద పెట్టుకుని కూర్చుంది. నేను రక్తనాళంలోకి మందు ఎక్కిస్తుండగా జీపు చప్పుడైంది. రాజేశం సార్ జగిత్యాల నుంచి ఐస్ పెట్టెల్లో టీకా మందు తెచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని కొట్టంలోకి వచ్చి, బర్రె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, నన్ను బయటికి పిలిచారు.

"బిడ్డా, నువ్వు ఈడ ఉండకు. జీపు తీస్కొని వాగు కిందికున్న ఊర్లకు పో. గక్కడ ఇంకా రాలే. ఒక్కటి మంచిగున్న బర్రెను కూడ ఇడువకుంట టీకా ఏసుకుంట రా."

"సార్, ఈడ ఇన్ని పడి ఉన్నయి. వీటిని ఇడిసిపెట్టి మంచిగున్నవాటి దగ్గరికి పోవాల్నా?"

"ఈడ కొమురయ్య ఉంటడు, నేనుంట. పడినవాటికి మందు ఏసుడు మాకు అస్తది. గా ఊర్లల్ల నన్ను ఎవ్వలు నమ్ముతరు? నీ గొంతు ఇంటెనే తలుపు తీస్తరు. నాలుగేండ్లు తిరిగినవ్ గదా, గది గిప్పుడు పనికొస్తది. పో."

రాజవ్వ మా మాటలు విన్నది. లేచి గుమ్మం దాకా వచ్చింది. ఆమె చేతులకు చొంగ, బురద.

"నా బర్రె సావుబతుకుల్ల ఉంటె యాడికి పోతున్నవ్ డాక్టరమ్మా?"

సార్ ఆమెకు ఎదురుగా నిలబడ్డారు.

"చెల్లే, నేను పెద్ద డాక్టర్‌ను. నీ బర్రె దగ్గర నేను కూసుంట. యాడికి పోను. ఆమెను పోనియ్యి. ఆమె ఆగితే రేపు గా ఊర్లల్ల గూడ గిట్లనే ఏడుస్తరు."

రాజవ్వ మళ్లీ బర్రె దగ్గరికి వెళ్లి కూర్చుంది. నేను జీపు ఎక్కాను. ఆ ప్రయాణంలో ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదని చెబితే అబద్ధం. ఊరు కనిపించినంతసేపూ చూస్తూనే ఉన్నాను.

కింది ఊళ్లలో జరిగింది మాత్రం సార్ చెప్పినట్టే. అక్కడి ఆడవాళ్లకు నా ముఖం తెలుసు. "ఏమైందమ్మా గింత వానల?" అని తలుపులు తీశారు. ఉన్నదున్నట్టు చెప్పాను. పైఊళ్లో బర్రెలు చస్తున్నాయని, టీకాతో రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయని. ఒక ఇంట్లో ఒప్పుకుంటే ఆ ఇంటామే పక్కింటికి వచ్చి తలుపు కొట్టింది. చీకటి పడేదాకా, మరునాడు తెల్లారగానే మళ్లీ, ఆ తెల్లారీ. ఎవరూ పిలవని చోటికి, ఏ రోగమూ లేని పశువుల దగ్గరికి పోయి పని చేయడం నాకు అదే మొదటిసారి.

రాజవ్వ బర్రె బతకలేదు. సార్ చివరిదాకా దాని పక్కనే కూర్చున్నారని కొమురయ్య చెప్పాడు. చచ్చిన బర్రెలను తోలు తీసి వాగులో పడేయడం ఆ ఊరి అలవాటు. సార్ ఇంటింటికీ పోయి బతిమాలి, లోతుగా గుంతలు తవ్వించి, సున్నం పోయించి పూడ్పించారు. రోగం నీళ్లతో కిందికి దిగకుండా. రాజవ్వ బర్రెకు గుంత తవ్వుతుంటే ఆయన కూడా పార పట్టారట.

కింది ఊళ్లలో ఆ ఏడు గొంతువాపు రాలేదు. ఒక్క ఊళ్లో మాత్రం రెండిళ్లలో వచ్చి ఆగిపోయింది.

నెల తర్వాత రాజవ్వ కనిపిస్తే తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది. పక్కింటివాళ్లు తమ దూడను ఆమెకు పాలుకు ఇచ్చారు. పెంచి పెద్ద చేస్తే చెరిసగం అన్నమాట. దూడ మెడ నిమురుతూ అడిగింది.

"దీనికి సూది ఎప్పుడు ఏస్తవ్?"

"ఇంకా చిన్నది అక్కా. వచ్చే ఎండకాలం ఏద్దాం."

"మర్సిపోకు. గా పెద్దసారు మంచిగున్నడా? నా బర్రె కోసం ఇంటి మనిషి లెక్క కూసున్నడు."

మరుసటి ఎండాకాలం మేం ఆ ఊరికి పోకముందే రాజవ్వ బీడీలు చుట్టే అరుగులన్నీ తిరిగి అందరికీ చెప్పి పెట్టింది. ఆమె మాట కరుకని చెప్పాను కదా, కాదన్నవాళ్లు లేరు.

పని లేని రోజులు

సార్ దగ్గర నేర్చుకుని నా రోజును మార్చుకున్నాను. తెల్లవారుజామున పాలు పిండే వేళ ఊళ్లలో ఉండేదాన్ని. ఏ రోజు ఏ ఊరో ముందే చెప్పేదాన్ని. ఎండెక్కాక దవాఖానలోనే కూర్చునేదాన్ని. నడవగలిగిన పశువును అక్కడికే తోలుకురమ్మనేదాన్ని. ప్రాణం మీదికి వస్తే తప్ప పిలిచిన వెంటనే బండి తీసేదాన్ని కాదు.

చెప్పినంత తేలిక కాదిది. "డాక్టరమ్మకు గరువమచ్చింది, పిలిస్తే వస్తలేదు" అన్నారు. కోనరావుపేటలో ఒక నాయకుడు నా మీద ఫిర్యాదు చేశాడు. సార్ ఆయనను ఆఫీసుకు పిలిచి టీ ఇప్పించి, "మీ ఊర్ల గీ ఏడు ఎవ్వల పశువన్న పోయిందా?" అని అడిగారు. ఆయన ఆలోచించి లేదన్నాడు. "మరి ఆమెను ఏం చేయమంటరు?" అన్నారు సార్. ఫిర్యాదు అక్కడితో ఆగింది. కింద పనిచేసేవాళ్ల కోసం అట్లా నిలబడే అధికారి దొరకడం అదృష్టం. నాకు తర్వాత వచ్చిన అధికారుల్లో చాలామంది మేం ఎంత తిరిగామో చూశారు తప్ప ఏం జరిగిందో అడగలేదు.

అన్నిటికంటే కష్టం మాత్రం బయటివాళ్ల మాటలతో కాదు, నాతోనే. ఆ తర్వాత మూడో వానాకాలంలో అనుకుంటాను, వారం రోజులు ముసురు పట్టింది. అంతకుముందు అయితే అది నాకు నిద్రలేని కాలం. ఆ ఏడు ఒక్క కబురూ రాలేదు. దవాఖాన పంచ కింద కూర్చుని వాన చూస్తుంటే మాటిమాటికీ లేచి రోడ్డు వైపు చూశాను. ఏదో తప్పు జరుగుతోందని, ఎక్కడో ఏదో ఆగిపోయిందని. సాంచలు ఆగిన రోజుల్లో గల్లీలో నిలబడ్డప్పటి భయమే అది.

అదే ముసురులో నాయిన నన్ను చూడటానికి వచ్చాడు. భివండి నుంచి అప్పుడే ఇంటికి తిరిగొచ్చాడు. ఖాళీ దవాఖాన చూసి ఆయన గొంతు తగ్గిపోయింది.

"ఏం బిడ్డా, పని లేదా?"

"లేదు నాయినా."

"ఏమైనా ఇబ్బందా? నౌకరికి ఏం కాదు గదా?"

"ఎవ్వల బర్రె సావలే నాయినా. అందరికీ ముందుగాలనే సూదులు ఏసినం. గందుకే పని లేదు."

ఆయన నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు వానను చూశాడు. తర్వాత మెల్లగా, "గసొంటి పని గూడ ఉంటదా బిడ్డా" అన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. నాయిన ఊరికే కూర్చోగా నేను చూసింది ఆ రోజే.

కొత్తగా వస్తున్న పిల్లలకు ఒక్క మాట. ఆ ఖాళీ మిమ్మల్ని భయపెడుతుంది. ఆ భయంతో మళ్లీ బండెక్కి పరుగులు మొదలుపెట్టకండి. ఆ తీరికలో కూర్చుని వచ్చే ఏడు ఎక్కడ మొదలవుతుందో ఆలోచించండి. మిమ్మల్ని అప్పుడు ఎవరూ మెచ్చుకోరు. చావని బర్రె గురించి ఎవరు చెప్పుకుంటారు?

సన్మానం

రాజేశం సార్ రిటైరైనప్పుడు జగిత్యాలలో ఒక హాల్లో సన్మానం పెట్టారు. అప్పటికి నేను ముస్తాబాద్‌లో పని చేస్తున్నాను. వేదిక మీద చాలామంది మాట్లాడారు. సార్ కోపం ఎరగరని, ఎవరినీ నొప్పించరని, బస్సులో వచ్చేవారని. ఆయన ఏం చేశారో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకు ఏమీ దొరకలేదు.

నా పేరు పిలిచారు. మాట్లాడే అలవాటు లేదు. మైకు ముందు నిలబడితే అంతకుముందు అనుకున్నదేదీ నోట రాలేదు. చివరికి ఇట్లా అన్నాను.

"రుద్రంగి దిక్కు పోయిన వానాకాలం ఏం కాలే. కోనరావుపేట దిక్కు ఏం కాలే. వాగు పక్కపొంటి ఊర్లల్ల నాలుగు వానాకాలాల సంది ఏం కాలే. గదే నేను చెప్పేది."

ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను తడబడ్డాననుకున్నారు. వెనక వరుసల్లో మా కాంపౌండర్లు, ఊళ్లల్లో పని చేసే డాక్టర్లు కూర్చున్నారు. వాళ్లకు అర్థమైంది. చప్పట్లు అక్కడి నుంచి మొదలై ముందుకు వచ్చాయి. సార్ తల దించుకుని చేతిలోని టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నారు.

నేను కిందికి దిగుతుంటే చేతితో పిలిచారు. దగ్గరికి వెళ్లి వంగాను. ఏదైనా మంచి మాట చెబుతారేమోనని ఎదురుచూశాను.

"ముస్తాబాద్ పేరు చెప్పలేదేంది?" అన్నారు.

"అక్కడ రెండు బర్రెలు పోయినయి సార్."

"ఎందుకు? టీకాలు ఏయలేదా?"

"ఊర్ల అన్నిటికీ ఏసినం. గవి వానలు మొదలైనంక సంతల కొని తెచ్చినయి. కొన్న మూడో దినమే పడ్డయి."

ఆయన మెడలోని దండ తీసి పక్క కుర్చీలో పెట్టారు. మైకు ముందు ఇంకెవరో ఆయన్ను పొగుడుతున్నారు. ఆయన ఆ వైపు చూడటమే మానేశారు. తన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"సంత ఏ రోజు జరుగుతది?"

"సోమారం సార్."

"బేరం అయినంక బర్రెను బండి ఎక్కిచ్చేదాంక ఎంతసేపు నిలవెడుతరు? సూది ఏసేటందుకు గక్కడ మనోళ్లు ఎవలన్న ఉంటరా?"

"ఎవ్వలుండరు సార్."

"కూసో," అన్నారు. "మొత్తం చెప్పు."